బడిలో మాటకందని మాట: పిల్లల సైగలను చదవడం, మన సైగలను దిద్దుకోవడం ఎలా?

"అర్థమైందా?" అని అడగగానే తరగతిలో తలలన్నీ ఒక్కసారిగా ఊగుతాయి. "అర్థమైంది సార్" అన్న గొంతు బడి ప్రహరీ దాటి వినబడుతుంది. నోటుపుస్తకాలు తీయించి చూస్తే సగం మందికి లెక్క మొదటి వరుస దగ్గరే ఆగిపోయి ఉంటుంది. గంగిరెద్దులా తల ఊపడమని మన పెద్దలు దీనికి ఎప్పుడో పేరు పెట్టారు. కానీ ఆ తప్పును పిల్లల నెత్తిన వేసే ముందు మనం ఒప్పుకోవలసింది ఒకటుంది. తల ఊపేలా ప్రశ్న అడిగింది మనమే. ఊగిన తలల్లో ఏది అర్థమై ఊగిందో, ఏది భయపడి ఊగిందో, ఏది పక్కవాణ్ణి చూసి ఊగిందో వేరుచేసి చూడడం నేర్చుకోనిదీ మనమే.

దేవరకొండ, నాంపల్లి, అచ్చంపేట వైపు బడుల్లో ఇరవై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పిన అనుభవంతో ఈ మాటలు రాస్తున్నాను. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నారాయణపేట జిల్లాల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ టీచర్లు, సాయంత్రాలు ఊళ్ళో ట్యూషన్ చెప్పే డిగ్రీ విద్యార్థులు దీన్ని దగ్గర పెట్టుకుని వారానికి ఒక మెట్టు చొప్పున చేసి చూడవచ్చు. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ నిలవదు.

మొదలుపెట్టే ముందు వదిలేయాల్సిన లెక్క

శిక్షణ తరగతుల్లో మీరు ఈ మాట వినే ఉంటారు: మనం చెప్పే దాంట్లో మాటల వంతు 7 శాతమే, గొంతుది 38, ముఖానిది 55 అని. ఇది 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో తన సహచరులతో చేసిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చింది. అక్కడ ఒక్కొక్క మాటను రకరకాల గొంతులతో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, పలికిన మనిషికి ఎదుటివాళ్ళంటే ఇష్టమా, అయిష్టమా అని అడిగారు. అంటే ఆ అంకెలు ఇష్టాయిష్టాలకు సంబంధించినవి, అదీ మాటకూ ముఖానికీ పొత్తు కుదరనప్పటివి. మెహ్రాబియన్ కూడా ఆ తర్వాత ఈ హద్దును స్పష్టంగా చెప్పాడు. భాగహారం చెప్పేటప్పుడు మాటే ప్రధానం, అందులో సందేహం లేదు. అయితే ఆ మాట పిల్లవాడి లోపలికి పోవడానికి తలుపు తెరిచి ఉందో లేదో చెప్పేది చూపు, చెయ్యి, నిలబడిన తీరు. మనం పని చేయవలసింది ఆ తలుపు దగ్గర.

మొదటి మెట్టు: ముందు మిమ్మల్ని మీరు చూసుకోండి

పిల్లల ఒంటి భాషను చదవాలన్న ఉబలాటంలో అందరూ దాటేసే మెట్టు ఇదే. ఫోనును వెనక బెంచీ మీద నాలుగు పుస్తకాల ఆసరాతో నిలబెట్టి, మీరు మాత్రమే కనిపించేలా 10 నిమిషాల పాఠాన్ని రికార్డు చేయండి. పిల్లల ముఖాలు పడితే ఆ వీడియోను ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకండి, చూడడం అయిపోగానే చెరిపేయండి. ఇంటికి వెళ్ళాక ఫోను గొంతు పూర్తిగా తగ్గించి మొదటిసారి చూడండి. రెండోసారి వింటూ చూడండి. గొంతు లేకుండా చూడడం ఎందుకని అనుకోకండి. 1993లో నళిని అంబాడీ, రాబర్ట్ రోసెంతాల్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ అధ్యాపకులు పాఠం చెబుతున్న దృశ్యాలను ఒక్కొక్కటి 10 సెకన్ల చొప్పున మూడు ముక్కలు, మాట వినబడకుండా, ముక్కూమొహం తెలియని వాళ్ళకు చూపించారు. ఆ 30 సెకన్లు చూసి వాళ్ళు వేసిన అంచనా, సెమిస్టరంతా ఆ పాఠాలు విన్న విద్యార్థులు చివరికి ఇచ్చిన అభిప్రాయానికి చాలా దగ్గరగా వచ్చింది. పిల్లలు మనల్ని ఎంత త్వరగా తూకం వేస్తారో దీన్నిబట్టి ఊహించుకోండి.

వీడియో చూసేటప్పుడు ఒక కాగితం మీద గీతలు గీస్తూ లెక్కపెట్టండి. ఎంతసేపు నల్లబల్ల వైపు తిరిగి మాట్లాడారు? చూపు ఏ వైపు ఎన్నిసార్లు పోయింది? ఎవరిని పిలిచేటప్పుడు అరచెయ్యి చాపారు, ఎవరిని వేలెత్తి చూపారు? ఎవరి జవాబుకు ముఖం వికసించింది, ఎవరి జవాబుకు పెదవి విరిచారు? నా మొదటి వీడియోలో పది నిమిషాల్లో గోడ వైపు కూర్చున్న ఆడపిల్లల వరుస మీదికి నా చూపు రెండుసార్లే వెళ్ళింది. నేను అందరినీ సమానంగా చూస్తానని అంతకు ముందు రోజే హెడ్మాస్టరు గారితో అన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంకొకటి కూడా చూడాలి, రాయడానికి బాధగా ఉన్నా రాయక తప్పదు. కొందరి చేతిలోంచి నోటుపుస్తకం నేరుగా తీసుకుంటాం. మరికొందరిని "అక్కడ పెట్టు" అంటాం. కొందరి భుజం తడతాం. కొందరికి దూరం నుంచే "శభాష్" అంటాం. ఆ తేడా ఏ ఇళ్ళ పిల్లల దగ్గర వస్తోందో మీకు మీరుగా గుర్తించండి. ఆ తేడాను చదవడానికి ఐదో తరగతి పిల్లకు ఎవరి శిక్షణా అక్కరలేదు, ఇంటి చుట్టూ, బావి చుట్టూ పుట్టిన నాటి నుంచి చూస్తూనే ఉంది. అందరి చేతుల్లోంచీ ఒకేలా పుస్తకం తీసుకోండి, ఒకేలా తిరిగి చేతికివ్వండి. తరగతిలో మీరు చేయగల మార్పుల్లో దీనికంటే చిన్నది లేదు, పెద్దదీ లేదు.

రోసెంతాల్ 1968లో లెనోర్ జాకబ్సన్‌తో కలిసి వెలువరించిన ఇంకో అధ్యయనం కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఒక బడిలో చీటీలు తీసినట్టు కొందరు పిల్లల్ని ఎంచి, వీళ్ళు ఈ ఏడాది బాగా ఎదుగుతారని టీచర్లకు చెప్పారు. ఏడాది చివర చూస్తే, ముఖ్యంగా ఒకటి, రెండు తరగతుల్లో, ఆ పిల్లలు నిజంగానే ముందున్నారు. దాని ప్రభావం ఎంత పెద్దదన్న దానిపై తర్వాత చాలా వాదనలు నడిచాయి, కానీ టీచరు మనసులోని అంచనా చూపులో, నవ్వులో, ఎదురుచూసే ఓపికలో బయటపడి పిల్లలకు చేరుతుందన్న మాటను నా అనుభవం ప్రతి ఏడూ రుజువు చేసింది.

రెండో మెట్టు: ప్రశ్న అడిగి, ఆగండి

ఇది అన్నిటికంటే సులువుగా కనబడుతుంది, అన్నిటికంటే కష్టం. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1970ల్లో తరగతుల రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున 1 సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించింది. ఆ ఆగడాన్ని 3 సెకన్లకు పెంచినప్పుడు పిల్లల జవాబులు పొడవయ్యాయి, "తెలియదు" అనడం, మౌనంగా ఉండిపోవడం తగ్గాయి, అంతకు ముందు నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడసాగారు.

మన దగ్గర దీని అవసరం మరీ ఎక్కువ. చందంపేట తండాల నుంచి వచ్చే పిల్ల ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది, బడిలో తెలుగు వింటుంది, పుస్తకంలో ఇంగ్లీషు చదువుతుంది. ఆమె జవాబు మూడు గుమ్మాలు దాటి రావాలి. కాబట్టి ప్రశ్న అడిగి, మనసులో "ఒకటి, రెండు, మూడు" అని నింపాదిగా లెక్కపెట్టండి. ఆ మూడు సెకన్లలో మీ ఒళ్ళు ఏం చేస్తోందన్నది ఇంకా ముఖ్యం. చాక్‌పీసుతో బల్ల మీద టకటక కొట్టడం, గడియారం చూడడం, కనుబొమ్మలు ముడవడం, "ఊఁ, ఊఁ" అనడం ఇవన్నీ తొందరపెట్టడమే. చేతులు వదులుగా ఉంచండి, ముఖం తేటగా ఉంచండి, పిల్ల మీదే చూపు గుచ్చకుండా తరగతి అంతా నెమ్మదిగా ఒకసారి కలయజూడండి. ఒకరు జవాబు చెప్పాక కూడా వెంటనే "రైట్" అనకుండా మరో మూడు సెకన్లు ఆగండి. చాలాసార్లు రెండో పిల్లవాడు చెప్పే సవరణ ఆ ఖాళీలోనే పుడుతుంది.

మూడో మెట్టు: చేతులు కట్టుకోమనడం మానండి

మన బడుల్లో క్రమశిక్షణ అంటే మొదట గుర్తొచ్చేది "చేతులు కట్టుకో" అన్న మాట. ఇది ఎంత నష్టమో నాకు పదేళ్ళ సర్వీసు తర్వాత గానీ తెలియలేదు. షికాగో విశ్వవిద్యాలయంలో సూసన్ గోల్డిన్-మెడో అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాలుగా చేసిన పనిలో చాలా భాగం చేతి సైగల మీదే. పిల్లలు లెక్కను వివరించేటప్పుడు నోరు ఒకటి చెబుతుంటే చెయ్యి ఇంకొకటి చూపిస్తుందనీ, అలా నోటికీ చేతికీ పొత్తు కుదరని పిల్లలే ఆ లెక్కను నేర్చుకోవడానికి అందరికన్నా సిద్ధంగా ఉంటారనీ ఆమె, ఆమె సహచరులు చూపించారు. పుట్టుకతోనే చూపు లేని పిల్లలు కూడా, తమలాగే చూపు లేని వాళ్ళతో మాట్లాడేటప్పుడు సైతం చేతులు కదుపుతారని 1998లో ఆమె, జానా ఐవర్సన్ కలిసి ప్రచురించారు. అంటే చేతులు కదపడం ఎదుటివాళ్ళకు చూపించడానికి మాత్రమే కాదు, లోపల ఆలోచన సాగడానికి కూడా. చేతులు కట్టించామంటే ఆలోచనకు ఉన్న ఒక కాలిని కట్టేసినట్టే.

నేను నాలుగో తరగతిలో చూసిన ఒక సంగతి చెబుతాను. నల్లబల్ల మీద 3 + 4 + 5 = □ + 5 అని రాసి, గడిలో ఎంత రావాలని అడిగాను. ఒక అబ్బాయి లేచి వచ్చి 12 అని రాశాడు. "ఎట్లొచ్చింది?" అన్నాను. "మూడు, నాలుగు, అయిదు కలిపిన సార్, పన్నెండు అయితది" అన్నాడు. అంతకు ముందైతే తప్పు అని కొట్టేసి దిద్దేవాణ్ణి. ఆ రోజు వాడి చేతిని చూశాను. నోరు మూడు అంకెలే చెప్పింది గానీ, కుడిచెయ్యి ఎడమవైపు మూడు అంకెల కింద జరుగుతూ వచ్చి, సమానం గుర్తు దాటి, చివరి 5 కింద ఒక్క క్షణం ఆగింది. ఆ వేలు అక్కడ ఎందుకు ఆగిందో వాడికే తెలియదు. అటువైపు కూడా ఒక 5 ఉందని నోటికంటే ముందు వేలికి తెలిసింది.

నేను తప్పు అనలేదు. "నీ వేలు ఇక్కడ ఎందుకాగింది బిడ్డా?" అని అడిగాను. వాడు వేలి వంకా, అంకె వంకా మార్చి మార్చి చూశాడు. మర్నాడు కిరాణం దుకాణం నుంచి పాత తరాజు ఒకటి అడిగి తెచ్చి, ఒక పళ్ళెంలో ఒకే సైజు గోటీలు 12, రెండో పళ్ళెంలో 5 వేసి వాడి చేతికిచ్చాను. ఒక్కొక్క గోటీ వేస్తూ ఏడోది వేయగానే ముల్లు నిలువుగా నిలిచింది. వాడు తన రెండు అరచేతులూ పళ్ళేల్లా చాపి, సమంగా పట్టుకుని, "గంతేనా సార్!" అన్నాడు. సమానం గుర్తు అంటే "జవాబు ఇక్కడ రాయి" అని కాదు, రెండు వైపులా ఒకే తూకం ఉండాలని వాడి చేతులు నేర్చుకున్నాయి.

మీరు చేయవలసింది ఇది. పిల్లవాడు జవాబు చెప్పేటప్పుడు రోజుకు ఇద్దరి విషయంలో మాత్రం, ముఖం కాకుండా చేతులు చూడండి. నోటికీ చేతికీ తేడా కనబడితే దిద్దకుండా "చేత్తో ఏం చూపిస్తున్నావో మాటల్లో చెప్పు" అనండి. చెప్పలేకపోతే బలవంతపెట్టకండి, వస్తువు చేతికివ్వండి. మీరు వివరించేటప్పుడు కూడా చేతిని వాడండి, కానీ మాటకు తగ్గట్టు వాడండి. పైన చెప్పిన లెక్కలోనే రెండు వేళ్ళు విప్పి 3, 4 అంకెల కింద పెట్టి, తర్వాత ఒక్క వేలితో ఖాళీ గడిని చూపిస్తే పిల్లలు అనుసరిస్తారు, వాళ్ళ చేత కూడా అలాగే చేయించండి. పిల్లల చేత సైగ చేయిస్తూ నేర్పినప్పుడు కొన్ని వారాల తర్వాత కూడా వాళ్ళకు పద్ధతి గుర్తుంటోందని గోల్డిన్-మెడో బృందం 2008లో రాసింది. "పెద్దది" అంటూ చెయ్యి చిన్నగా చూపడం, "కుడి" అంటూ మనకు కుడి, పిల్లలకు ఎడమ అయ్యే వైపు చూపడం లాంటివి పొరపాట్లు. ఎదురుగా నిలబడి దిక్కులు చెప్పేటప్పుడు అటు తిరిగి, పిల్లలకు వీపు పెట్టి చూపించండి. వీపు చూపడం సరైన పని అయ్యే సందర్భం అదొక్కటే.

నాలుగో మెట్టు: చూసినదాన్ని ఊహగానే ఉంచండి

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, కృష్ణా నీళ్ళు ఇంకా ఆ ఊళ్ళకు రాని రోజుల్లో, మర్రిగూడ వైపు ఒక ఉన్నత పాఠశాలలో పనిచేశాను. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి జవాబు చెప్పేటప్పుడల్లా చేత్తో నోరు కప్పుకునేది. కిసకిసా నవ్వుతోందని అనుకున్నాను. ఒకరోజు సహనం నశించి, "చెయ్యి తీసి మాట్లాడు, నవ్వులాటగా ఉందా?" అని గట్టిగా అన్నాను. ఆమె చెయ్యి తీసింది. పెదవులు విప్పీ విప్పకుండా జవాబు చెప్పింది, అది సరైన జవాబే. అప్పుడు పళ్ళు కనబడ్డాయి, ముందు పళ్ళ నిండా ముదురు గోధుమరంగు గార. ఆ తర్వాత ఆ ఏడాదంతా ఆమె చెయ్యి ఎత్తలేదు. క్షమించమని అడగడానికి నాకు నెల రోజులు పట్టింది.

అక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుందని నాకు తెలుసు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమనీ, చిగుళ్ళ లోపల పళ్ళు ఏర్పడే వయసులో ఆ నీళ్ళు తాగితే మరకలు జీవితాంతం ఉంటాయనీ, పెద్దల్లో ఎముకలు బిగుసుకుపోతాయనీ పుస్తకంలో చదివి పరీక్ష కూడా రాశాను. కానీ తెలిసిన విషయం ఆ అమ్మాయి చేతి దగ్గర నాకు గుర్తుకు రాలేదు. ఆమె తండ్రి బడికి వచ్చినప్పుడు నేను పక్క నుంచి పిలిస్తే మెడ తిప్పలేదు, పట్టించుకోవడం లేదేమో అని నా మనసు మళ్ళీ పొరపాటు పడబోయింది. ఆయన మెల్లగా ఒళ్ళంతా తిప్పి నా వైపు చూసి దండం పెట్టాడు. మెడ తిరిగితే కదా తిప్పడానికి.

అప్పటి నుంచి నేను పెట్టుకున్న పద్ధతి మీకూ చెబుతున్నాను. ఒక సైగ కనబడగానే మనసులో వెంటనే ఒక అర్థం వస్తుంది, దాన్ని ఆపలేం. ఆ అర్థం పక్కన కనీసం ఇంకో రెండు అర్థాలు పెట్టండి, తర్వాత పిల్లను పక్కకు పిలిచి, నలుగురిలో కాకుండా, తీరిగ్గా అడగండి. తల దించుకున్న పిల్లవాడు అబద్ధం చెబుతున్నాడని అనుకోకండి. పెద్దల కళ్ళలోకి సూటిగా చూడడం మన ఇళ్ళలో చాలాచోట్ల మర్యాద కాదు. చేతులు కట్టుకున్న మనిషి మనసు మూసుకున్నాడని బయటి దేశాల పుస్తకాలు రాస్తాయి. మన దగ్గర పెద్దల ఎదుట అది వినయం. తల పక్కకు అటూ ఇటూ వాల్చడం "సరే" అని, గట్టిగా అడ్డంగా ఊపడం "కాదు" అని మనకు తెలుసు, కానీ భయంలో ఉన్న పిల్ల ఊపే తల ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఆగిపోతుంది. దాన్ని "సరే" కింద జమ కట్టకండి. మక్తల్, కోస్గి వైపు బడుల్లో పంటలయ్యాక తల్లిదండ్రులు పుణె, ముంబై పనులకు వెళ్ళిపోయే రోజుల్లో, నానమ్మ దగ్గర మిగిలిన పిల్లల చూపు పాఠం మీద నిలవదు, కిటికీ లోంచి బస్సు వచ్చే రోడ్డు మీదే ఉంటుంది. అది ధ్యాస లేకపోవడం కాదు.

కొందరు పిల్లలు ఎంత చనువైనా కళ్ళలోకి చూడరు, చేతులు ఒకే తీరున ఆడిస్తూ ఉంటారు, చిన్న చప్పుడుకే చెవులు మూసుకుంటారు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఇవి కనబడవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో ఆటిజం ఒకటి. "నా కళ్ళలోకి చూడు" అని గడ్డం పట్టి ఎత్తకండి, చూపు తిప్పుకుని ఉన్నప్పుడే వాళ్ళు బాగా వింటూ ఉండవచ్చు. మీకు మీరే పేరు పెట్టేయకుండా, తల్లిదండ్రులతో మాట్లాడి మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలోని ఐఈఆర్‌పీ (అలాంటి పిల్లలకు నేర్పే ప్రత్యేక టీచరు) సలహా తీసుకోండి.

ఐదో మెట్టు: దూరం, స్పర్శ

ఎడ్వర్డ్ హాల్ అనే మానవ శాస్త్రవేత్త 1966లో అమెరికన్లను గమనించి, ఒకటిన్నర అడుగు లోపల ఆత్మీయులకే చోటనీ, 4 అడుగుల దాకా స్నేహితులకనీ, 12 అడుగుల దాకా పనుల మీద మాట్లాడుకునే వాళ్ళకనీ లెక్క కట్టాడు. దేవరకొండ నుంచి పొద్దుటి పూట పల్లెవెలుగు బస్సు ఎక్కిన వాళ్ళకు ఆ కొలతలు మనవి కావని వేరే చెప్పనక్కరలేదు. కొలతలు వదిలేసి సూత్రం తీసుకోండి: మీరు దగ్గరకు వెళ్ళినప్పుడు పిల్ల భుజాలు బిగుసుకుంటే ఒక అడుగు వెనక్కి వేయండి. నిలబడి పైనుంచి వంగి దిద్దే బదులు బెంచీ పక్కన కూర్చుని, పుస్తకం ఇద్దరికీ మధ్య ఉండేలా పెట్టుకోండి. పాఠం చెప్పేటప్పుడు వెనక వరుస దాకా నడవండి, అక్కడి నుంచే ఒక ప్రశ్న అడగండి. మాట్లాడుకుంటున్న ఇద్దరి దగ్గరికి పేరు పెట్టి అరవకుండా నడుచుకుంటూ వెళ్ళి నిలబడితే చాలు.

చెయ్యి ఎత్తడం సంగతి వేరే చెప్పాలి. కొట్టడాన్నీ, మానసికంగా హింసించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. కొట్టకపోయినా బెత్తం బల్ల మీద పెట్టుకుని కూర్చుంటే అది మాట్లాడుతూనే ఉంటుంది, దాన్ని గదిలోంచి తీసేయండి. మెచ్చుకోలుకు భుజం తట్టడం చిన్న తరగతుల్లో మంచిదే. ఎదిగిన పిల్లల విషయంలో, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, మాటతో, చప్పట్లతో మెచ్చుకోండి. పిల్లలకు స్పర్శ వద్దని చెప్పే హక్కు ఉందని మీ ప్రవర్తనతో తెలియాలి.

ఆరో మెట్టు: తరగతికి సొంత సైగలు కుదుర్చుకోండి

చిటికెన వేలు చూపిస్తే బయటికి వెళ్ళాలని ఏ బడిలోనైనా అర్థమవుతుంది. ఇలా మాటకు బదులు నిలిచే, ఒక సమాజమంతా ఒప్పుకున్న సైగలను పాల్ ఎక్మన్, వాలెస్ ఫ్రీజెన్ 1969లో ఒక ప్రత్యేక తెగగా లెక్కించారు. ఇలాంటివి ఇంకో నాలుగు మీరూ పిల్లలూ కలిసి పెట్టుకోవచ్చు. అర్థం కాకపోతే పిడికిలి ఛాతీ మీద పెట్టడం, కొంచెం అర్థమైతే అరచెయ్యి అడ్డంగా, పూర్తిగా అర్థమైతే అరచెయ్యి విప్పి చూపడం నేను వాడే సైగలు. ఛాతీకి దగ్గరగా పెట్టిస్తే పక్కవాళ్ళకు కనబడదు, సిగ్గుపడే పిల్లలు కూడా నిజం చెబుతారు. "అర్థమైందా?" అని అడగడం ఇక అవసరమే ఉండదు. పెద్ద ఆడపిల్లలకు మాత్రం బయటికి వెళ్ళడానికి ఏ సైగా పెట్టకండి; మెల్లగా లేచి వెళ్ళి రావచ్చని మొదటి రోజే చెప్పండి, ఎందుకని ఎప్పుడూ అడగకండి.

ఏడో మెట్టు: తల్లిదండ్రులు వచ్చినప్పుడు

బడి గుమ్మం దగ్గరికి రాగానే భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకుని, చెప్పులు బయట విడిచి, కొంచెం ముందుకు వంగి నిలబడే తండ్రుల్ని మీరు చూస్తారు. కుర్చీ చూపించినా "ఉండనీయి సారూ, నిలబడే ఉంట" అంటారు. ఆ వంగడం ఆయన సొంతది కాదు. "బాంచన్ దొరా, నీ కాల్మొక్త" అని అనిపించుకున్న కాలం నుంచి తాత ఒంట్లోంచి తండ్రి ఒంట్లోకి దిగి వచ్చింది. ఆ మాట అనడం మానేయడానికే 1946 నుంచి 1951 దాకా ఈ నల్లగొండ నేల మీద జనం సాయుధంగా పోరాడారు. మాట పోయింది గానీ, అధికారం ఉన్నట్టు కనబడే ఏ బల్ల ముందైనా ఒళ్ళు ఇంకా అలాగే వంగుతోంది.

అందువల్ల మీ బల్ల వెనక నుంచి లేవండి. దండం పెట్టినవారికి కూర్చునే తల ఊపకుండా, లేచి నిలబడి దండం పెట్టండి. "రాండ్రి, కూసోండ్రి" అని చెప్పి, ఇద్దరికీ ఒకే ఎత్తు కుర్చీలు బల్లకు ఒక పక్కనే వేసుకుని, వాళ్ళు కూర్చున్నాకే మీరు కూర్చోండి. కింద కూర్చుంటామని పట్టుబడితే మీరూ కిందే కూర్చోండి. మార్కుల కాగితం ఆయన ముందుకు తోయకుండా కుడిచేత్తో చేతికివ్వండి. చదువు రాని వారైతే కాగితం పక్కన పెట్టి, పిల్ల నోటుపుస్తకంలో బాగా చేసిన ఒక పేజీ మీద వేలు పెట్టి చూపించి, అక్కడి నుంచి మాట మొదలుపెట్టండి. పిల్లను వాళ్ళ ఎదుట నిలబెట్టి ఫిర్యాదు చెప్పకండి. అలా చేస్తే తండ్రి చెయ్యి లేచేది పిల్ల మీదికే. మాట్లాడుతున్నంతసేపూ ఫోను బోర్లా పెట్టి ఉంచండి.

ఎనిమిదో మెట్టు: రాసిపెట్టుకోండి

చిన్న నోటుపుస్తకం ఒకటి పెట్టుకుని రోజుకు ఒక్క పిల్ల గురించి మూడు వరుసలు రాయండి: కనబడింది ఏమిటి, నేను ఏమనుకున్నాను, అడిగితే ఏం చెప్పింది. మొదటి వరుసలో మీ అభిప్రాయం కలవకూడదు. "నిర్లక్ష్యంగా కూర్చుంది" అన్నది అభిప్రాయం, "తల బెంచీ మీద పెట్టింది, పెన్ను మూత తీయలేదు" అన్నది కనబడింది. పేర్లు పూర్తిగా రాయకండి, పుస్తకం బీరువాలో తాళం వేసి ఉంచండి. నెల తిరిగాక రెండో వరుసనూ మూడో వరుసనూ పక్కపక్కన పెట్టి చదివి, ఎన్నిచోట్ల రెండూ కలిశాయో లెక్కపెట్టండి. నా మొదటి నెలలో 22 రోజులకు 9 చోట్ల కలిశాయి. కలవనివాటిలో ఒకటి ఇలా ఉంది:

"సోమవారం, రెండో పీరియడ్. కిటికీ పక్క బెంచీ. తల చేతుల మీద వాల్చింది, బల్ల వైపు చూడలేదు, పేరు పిలిస్తే లేచి నిలబడింది గానీ బెంచీని పట్టుకుంది. అనుకున్నది: రాత్రి టీవీ చూసి ఉంటుంది. అడిగితే: అమ్మ పొద్దున్నే పత్తి ఏరబోయింది, తమ్ముణ్ణి అంగన్‌వాడీలో దింపి, ఏమీ తినకుండ బడికొచ్చిన సార్."